పక్కా ఇల్లు

మా రెంటచింతల ఎండకు రేకుల కింద ఒక్క మధ్యాహ్నం కూర్చుంటే చాలు, మనిషి చేసిన పాపాలన్నీ బతికుండగానే చెల్లిపోతాయి. మా ఇంటి రేకుల మీద వడియాలు పెడితే ఎండేవి కావు, నూనె లేకుండానే వేగేవి. గోడలు మట్టివి. అవీ మూడే. నాలుగో వైపు పక్కింటివాళ్ళ మట్టిగోడే మాకూ గోడ. పెళ్ళయిన నాటినుంచీ దానికి వీపు ఆనించే కాపురం చేశాం.

సొంత స్థలం ఉండి, పక్కా ఇల్లు లేనివాళ్ళు మొదటిసారి కట్టుకుంటే ప్రభుత్వం సాయం చేస్తుందని తెలిసిన రోజున మా ఆవిడ మాచర్ల వెళ్ళి ఓ నాపరాయి పలక తెచ్చింది. పునాది లేదు, కాగితం లేదు, వంటింటి గట్టు మాత్రం ఆటోలో దిగింది! దాన్ని మట్టిగోడకు ఆనించి రోజూ తడిగుడ్డతో తుడిచేది. ఇల్లు ఆడవాళ్ళ పేరు మీదే ఇస్తారట. ఆ మాట విన్నాక ఆవిడ నడకకు మా వీధి వెడల్పు చాల్లేదు.

సర్వేకు సచివాలయం నుంచి ఓ అమ్మాయి ఫోను పట్టుకుని వచ్చింది. మా వీధి పిల్లే, నన్ను బాబాయ్ అంటుంది. మా ఆవిడ నన్ను ముందే హెచ్చరించింది.

“ఏమయ్యా, ఈ ఒక్క పూట నీ ఎకసెక్కాలు కట్టిపెట్టు. దణ్ణం పెడతా.”

సరేనన్నాను. ఆవిడ మజ్జిగ కోసం లోపలికి వెళ్ళింది. అమ్మాయి అడిగింది:

“బాబాయ్, మీ ఇల్లు పక్కాదా?”

“పక్కాదేనమ్మా! పక్కోళ్ళ గోడ పుణ్యాన నిలబడింది గదా, పక్కా ఇల్లు గాక ఏందంట?”

అమ్మాయి పడీపడీ నవ్వింది. కానీ అప్పటికే, నా మొదటి మాట దగ్గరే, ఫోను మీద ‘అవును’ నొక్కేసింది. వాక్యం పూర్తయ్యేసరికి నేను మేడకు యజమానిని.

జాబితాలో పక్కింటివాళ్ళ పేరు వచ్చింది. మా పేరుకెదురుగా ‘పక్కా ఇల్లు ఉన్నది’ అని వచ్చింది.

“నువ్వే అన్నావు గదా బాబాయ్! ఇప్పుడు నా ఫోన్లో మారదు,” అని ఏడ్చినంత పని చేసింది ఆ పిల్ల.

నరసరావుపేట హౌసింగ్ ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగానంటే, ఆ బస్సు నేను ఎక్కకపోతే కదిలేది కాదు.

“మీకు పక్కా ఇల్లున్నట్టు చూపిస్తందండీ,” అన్నాడు కంప్యూటరు ముందు ఆయన.

“అది జోకండీ.”

“జోకుకు ఇందులో ఆప్షన్ లేదు. ఆ ఇల్లు కూలిపోయిందని మీ ఊళ్ళో సర్టిఫికెట్టు తెండి, తీసేస్తాం.”

ఊళ్ళో సంతకం పెట్టాల్సిన ఆయన తల పట్టుకున్నాడు. “లేని ఇల్లు కూలిందని ఎట్టా రాసేది? ముందు అది ఉండేదని రుజువు తే!”

ఈలోగా పక్కింటాయన వచ్చాడు.

“బావా, కొత్తిల్లు మొదలెడతన్నాం. గోడ తీస్తన్నా, ఏమనుకోబాకు.”

ఏమనుకోగలను? గోడ ఆయనది. రేకులకు రెండు సరుగుడు కర్రలు పోటు పెట్టి, ఆ వైపంతా నీలం రంగు ప్లాస్టిక్ పట్టా కట్టాను. కట్టాక నా నాలుక ఊరుకోలేదు.

“ఎట్టయితేనేం, నీకు పట్టా వచ్చిందే!”

ఆవిడ నవ్వలేదు. “ఆ రోజు నోరు మూసుకునుంటే నేను సొంతింట్లో వంట చేసేదాన్ని,” అంది. అరిచినా బాగుండేది. మామూలుగా అంది.

పక్కింట్లో గోడలు లేచిన రోజున నాపరాయి పలకను ఈడ్చుకెళ్ళి కుళాయి దగ్గర పడేసింది. ఇన్నాళ్ళూ తుడిచిన రాయి మీద నా చొక్కా వేసి బాదింది. అటువైపు గోడ లేదుగా, ఆ చప్పుడు పక్కింటి కొత్త గోడలకు తగిలి, పట్టాలోంచి తిరిగి మా ఇంట్లోకే వచ్చింది.