పులి నోట్లో చెప్పు

కళావతి గోడ మీద బొమ్మ వేసిన రోజు నుంచి పిచ్చయ్యగారి కుక్క నోరు పడిపోయిందని టేకులపల్లిలో చెప్పుకుంటారు. మొరుగంతా గోడలోకి పోయిందట. కిరాణా కొట్టు జంపక్క అయితే గోడకు చెవి ఆనించి విన్నది కూడా.

కళావతి బడి మధ్యలో మానేసి ట్రాక్టర్ల మీద పేర్లు రాస్తుంది. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆమెను మొదటిసారి బొమ్మ వేయమన్నది పిచ్చయ్యే. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ మిరప తోటలు పెట్టిన పెద్దమనిషి. ఆయన కుక్క పేరు పులి.

"కోరలు కనపడాలమ్మాయ్. గేటు దగ్గరకొచ్చినోడికి చెమటలు పట్టాలి. బాగా రాకపోతే సున్నం కొట్టిస్తా," అన్నాడు బొంగురు గొంతుతో. ఆ గొంతు కోసం కోడలు ప్రమీలారాణి రోజూ మిరియాల పాలు కాస్తుంది.

కళావతికి గుబులు పట్టుకుంది. ఊరంతా చూసే గోడ. దాని మీద సున్నం పడితే ఇక బొమ్మలకు తనను పిలిచేదెవరు?

సుద్దముక్కతో కోరలు గీసింది. ప్రమీలారాణి చూసి, "ఇదెవరి కుక్కే? పోలీసోళ్లదా?" అంది.

నిజమే, అది పులి కాదు. కళావతి గేటు పక్కన కూర్చుని పొద్దంతా చూసింది. ఎవరైనా వస్తే పులి నీళ్ల తొట్టి వెనక నక్కేది. వాళ్లు లోపలికి వెళ్లగానే ఒక చెవి నిలబెట్టి, ఒక చెవి వేలాడేసి వచ్చి, గుమ్మంలో విడిచిన చెప్పుల్లో ఎడమదే ఏరుకుని దానిమ్మ చెట్టు కింద దాచేది. గేటు సందులోంచి ఇంకో సంగతి కూడా కళావతి కంటపడింది గాని, ఎవరికీ చెప్పలేదు.

కోరలు చెరిపేసి, పులి నోట్లో ఎడమ చెప్పు పెట్టి రంగులు వేసింది.

పిచ్చయ్య ముఖం మాడిపోయింది. "పులిరా అని చెప్పుకుంటుంటే చెప్పుల దొంగను చేశావేంటే?"

"మీ పులి గట్లనే ఉంటది తాతా," అంది కళావతి నేల చూస్తూ.

సున్నం కలుపుతుండగానే పాలు పోసే నాగరాజు వచ్చాడు. గోడ మీది పులి వైపు వేలు చూపించాడు.

"ఓహో, నా చెప్పు కొట్టేసింది నువ్వా? నేను జంపక్క మనవడి మీద పడ్డ గదరా," అంటూ చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాడు. "ఇయ్యాల దొరకను పో."

తొట్టి వెనక నుంచి పులి తోక ఊపుకుంటూ వచ్చి చంక వైపు ఆశగా చూసింది. పిచ్చయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. కలిపిన సున్నం కోళ్ల గూటికి కొట్టించాడు.

అప్పటి నుంచి ఆ ఇంటికి వచ్చేవాళ్లు చెప్పులు చేత్తో పట్టుకునే వస్తారు. గేటు వెనక మొరుగు లేదు. పులి నోరు ఎట్లా కట్టావని జంపక్క అడిగితే కళావతి నవ్వి ఊరుకుంటుంది.

పులి ఏనాడూ మొరగలేదు. అన్నాళ్లూ గేటు వెనక నిలబడి మొరిగింది పిచ్చయ్య.