ఎత్తి దించే ఓబులేసు మామ

మా గిద్దలూరు రైఫిల్ క్లబ్బులో ఓబులేసు మామకు ఒకటే జబ్బు. ఎత్తినది దించేస్తాడు. రైఫిల్ ఎత్తి, చెంప ఆనించి, గురి చూసి, ఊపిరి బిగబట్టి, తీరా కాల్చబోయే ముందు దించేస్తాడు. అడిగితే "కుదర్లా" అంటాడు.

గురి కుదరకపోతే దించమని మాకందరికీ నేర్పిన మాట నిజమే. మామ ఆ పాఠాన్ని ఇంటికి కూడా పట్టుకుపోయాడు. ముద్ద నోటిదాకా ఎత్తి దించుతాడు. బస్సు ఆపడానికి చెయ్యెత్తి దించుతాడు, బస్సు వెళ్ళిపోతుంది. నా పెళ్ళిలో అక్షింతలు ఎత్తి దించి, ఎత్తి దించి, చివరికి వేసేసరికి మేమిద్దరం బంతిలో కూర్చుని ఉన్నాం. అవి సాంబారులో పడ్డాయి.

"ఏంది మామా ఇది?"

"ఆడ కుదర్లా రా. ఈడ కుదిరింది."

"నా మెడకాడ తాళి గూడా ఇట్లే దించినాడు నాయనా" అంది వెంకటసుబ్బులమ్మ అత్త. "మా నాయనకు గుండె ఆగినంత పనైంది."

మొన్న జిల్లా జట్టు ఎంపిక పోటీ మా క్లబ్బులోనే పెట్టారు. క్లబ్బంటే పాత వేరుశనగ మిల్లు గోదాము. మామా నేనూ మొదటి బ్యాచ్. రెండో బ్యాచ్‌లో మల్లి ఉంది. దొనకొండ వైపు గొర్రెలు కాసే యల్లయ్య కూతురు, మా అందరికన్నా గురి ఉన్న పిల్ల. వచ్చే ఏడాదికి జూనియర్ల వయసు దాటిపోతుంది, కాబట్టి ఇదే ఆఖరి అవకాశం. ఆ పిల్ల ఎక్కిన రైలేమో ఇంకా రాలేదు. మా బ్యాచ్ అయిపోగానే రెండో బ్యాచ్ పేర్లు పిలుస్తారు. పలకకపోతే పేరు కొట్టేస్తారు.

అందరం కాల్చేశాం. మామకు ఒక్క గుండు మిగిలింది. ఎత్తాడు. దించాడు. ఇచ్చిన టైము ఇంకా ఉంది కాబట్టి ఎవరూ కాదనలేరు.

ఒంగోలు నుంచి వచ్చిన జడ్జి వీరాంజనేయులు గారు ఆకలి మీద ఉన్నారు. "ఏమయ్యా, కాలుస్తావా లేదా?"

"కుదర్లా సార్."

మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ దించాడు. చొక్కా తడిసి ముద్దయింది, మోచెయ్యి వణుకుతోంది. నాకూ ఒళ్ళు మండింది.

"మామా, కానీ! బిర్యానీ చల్లారిపోతాంది."

"కుదర్లా రా."

అంతలో మల్లి రొప్పుతూ లోపలికి పరిగెత్తుకొచ్చింది. మామ ఓరకంట చూశాడు. రైఫిల్ ఎత్తాడు, టప్పున కాల్చేశాడు. గుండు ఎక్కడో అంచున తగిలింది. పెద్దల జట్టులో ఆయన చోటు దాంతోనే పోయింది.

"కంభంలో రైలు ఆపేసినారు మామా" అంది మల్లి. "నువ్వు ఫోన్లో ధైర్యం చెప్పకపోతే ఆడే దిగి ఎనక్కి పోయేదాన్ని."

"మాటలు తర్వాత. నీళ్ళు తాగి పోయి నిలబడు."

పేరు పిలిచారు. మల్లి పలికింది. సాయంత్రానికి జట్టులో కూడా చేరింది.

నా కోపమంతా ఎటు పోయిందో, మామ తెగ ముద్దొచ్చాడు. టీ తెచ్చి ముందు పెట్టాను. ఆయన గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాడు.

"ఎత్తు మామా."

"చెయ్యి పైకి లెయ్యట్లా రా. నువ్వే తాపు."

ఊది ఊది తాపించాను. ఒక్క గుక్కకు కూడా కుదర్లా అనలేదు మహానుభావుడు.