మావయ్య చెరువులో నా మిత్రులు

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. (ఇప్పుడు తగ్గిందంటే మా ఆయన ఒప్పుకోరు.) రైతులకు సలహాలు చెప్పే ఉద్యోగం కదా, పురుగుల్ని చంపుతామంటే చాలు ఒంటికాలి మీద లేచేదాన్ని. పురుగుల్ని తినే పురుగులు రైతుకు మిత్రులు, వాటిని చంపేవాడు మూర్ఖుడు. నా చదువంతా ఆ ఒక్క ముక్కలోనే ఉండేది.

ఆ ఏడాది నిడదవోలు దగ్గర మా మేనమామ, అత్తయ్య వద్దని మొత్తుకుంటున్నా వినకుండా, అరెకరం చేను తవ్వించి చేపపిల్లల చెరువు చేశాడు. మర్నాడు చేపపిల్లలు వస్తాయనగా నేను వెళ్లేసరికి సబ్బునీళ్లలో నూనె కలుపుతున్నాడు.

"ఏంటి మావయ్యా అది?"

"చెరువు మీద చల్లడానికమ్మా. నూనె పొర కడితే నీటిపురుగులకి ఊపిరాడదు."

నాకు ఒళ్లు మండిపోయింది. బకెట్ లాక్కున్నాను. పక్క వరిచేలోంచి ఎర్రటి అక్షింతల పురుగును, చెరువులోంచి వెల్లకిలా ఈదే నీటిపురుగును పట్టి, చెరో గాజుగ్లాసులో వేసి ఆయన ముందు పెట్టాను.

"చూడండి. ఇది చేలో పైరు రసం పీల్చే దోమను తింటుంది. అది నీళ్లలో పురుగుల్ని తింటుంది. ఇల్లు వేరు, గుణం ఒకటే. మీరు చంపుతున్నది మీ కాపలావాళ్లనండీ." ఈ ఉపన్యాసం వీడియో తీయించి రైతుల గ్రూపులో కూడా పెట్టాను.

మావయ్య తల గోక్కున్నాడు. "అది కాదమ్మా, రేపొచ్చే పిల్లలు కంటికి కూడా ఆనవు, ఈ పురుగులేమో..."

"చదువుకున్నది మీరా, నేనా?"

ఆయన నా చేతిలోని బకెట్ తీసుకుని గట్టు అవతల ఒంపేశాడు.

వారం తర్వాత వల లాగితే దోసెడు పిల్లలు కూడా రాలేదు. చేలో అది దోమను తిన్నట్టే, చెరువులో ఇది చేపపిల్లల్ని తినేసింది. నా మిత్రులు మాత్రం వల నిండా బొద్దుగా ఉన్నారు. గట్టు మీద నుంచి చూస్తున్న అత్తయ్య వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "తెలిసి తెలిసి నా మాట ఎందుకు విన్నారు? నాలుగు తిట్టి పంపొచ్చుగా?" అని ఆయన మీదే అరిచాను. తప్పు నాది, అరుపూ నాదే.

మావయ్య తడి వల దులుపుతూ, "మనింట్లో ఇంత చదువు చదివింది నువ్వొక్కదానివే. నీ మాట నేనే వినకపోతే ఊళ్లో ఇంకెవరు వింటారమ్మా" అన్నాడు.

ఆ వీడియోను ఇప్పటికీ ఏటా ఎవరో ఒకరు గ్రూపులో పెడుతూనే ఉంటారు. చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ వేలు చూపించడం, ఆ గొంతు, ఆ పొగరు. ఆ పిల్లను చెడామడా తిట్టాలనే మొదలుపెడతాను. ఇంతలో గ్లాసుల అవతల చేతులు కట్టుకుని, నా ప్రతి మాటకూ బుద్ధిగా తలూపుతూ మావయ్య కనపడతాడు. అక్కడికొచ్చేసరికి తిట్టలేను, నవ్వొచ్చేస్తుంది.