దిబ్బ అవతల

ఒమన్‌లో మా కంపెనీ డ్రైవరు జగిత్యాల వైపు మనిషి. తొంభైల్లో, శుక్రవారం సెలవు వస్తే ఆఫీసువాళ్లం కొందరం జీపులో ఇసుక దిబ్బల మీదికి షికారు వెళ్లేవాళ్లం. స్టీరింగ్ ఎవరి చేతిలో ఉన్నా, పెద్ద దిబ్బ వచ్చిందంటే ఆయన బండి ఆపించేవాడు. చెప్పులు విప్పేసి, "జర ఆగుండ్రి సార్, చూసొస్త," అని వట్టి కాళ్లతో పైకెక్కేవాడు. అక్కణ్ణుంచి చెయ్యి ఊపితేనే మేం కదలాలి. ఇసుక గట్టిదో మెత్తదో చూస్తున్నాడనుకునేవాణ్ణి.

ఒకసారి ఎక్కినవాడు అక్కడే కూర్చుండిపోయాడు. ఆ రోజు బండి నడిపేది నేను. విసుగొచ్చి హారన్ కొట్టాను. మళ్లీ కొట్టాను. చివరికి తిడదామనే దిగి పైకెక్కాను.

ఆయన నోటి మీద వేలు పెట్టుకున్నాడు. అవతలి వాలులో, సరిగ్గా మా బండి దిగాల్సిన చోట, నీడలో ఒక ముసలమ్మ పడుకుని ఉంది. చుట్టూ ఆమె మేకలు. హారన్‌కు కూడా లేవనంత నిద్ర.

"లేపితే సరిపోయేదిగా?" అన్నాను, గొంతు తగ్గించి.

"ఎండల మేకలెంబడి తిరిగొచ్చింది సార్. పండుకోనియ్యుండ్రి. లేషినంక పోదాం."

హారన్ కొట్టిన చేతిని జేబులో పెట్టుకుని, ఆయన పక్కన కూర్చున్నాను.