మూల కత్తిరించిన ఉత్తరం

నా భర్త తొంభై మూడేళ్లు బతికి, తన మంచం మీదే, పొద్దుటి ప్రార్థన ముగిశాక ప్రభువు దగ్గరికి వెళ్లారు. సమాధి దగ్గర చాలామంది సాక్ష్యం చెప్పారు. ఆయన ఒంట్లో బాగాలేకపోయినా ఆదివారం ఆరాధన మానలేదని ఒకరు, నలుగురు పిల్లలనూ మోకాళ్ల మీద ప్రార్థిస్తూ పెంచాడని ఇంకొకరు, పటాలంలో ఏళ్లకేళ్లు లారీ నడిపినా నోట ఒక బూతుమాట వినలేదని మరొకరు. అన్నీ నిజమే. నేను మాత్రం ఆయన పాతికేళ్ల వయసులో, ఆయన చనిపోయారని ఊరంతా నమ్మిన మూడు రోజులను తలుచుకుంటూ నిలబడ్డాను. ఆ మూడు రోజుల భయం ముందు, ఆయన నిజంగా పోయిన రోజు నాకు చాలా ప్రశాంతంగా గడిచినట్టు అనిపించింది.

మా ఊరు ఎల్లారెడ్డి నుంచి నాగిరెడ్డిపేట వెళ్లే దారిలో ఉంటుంది. ఊరి చివర మా సంఘం వాళ్ల ఇండ్లు, మధ్యలో పెంకులు కప్పిన ప్రార్థన గది. నేను మిషను బడిలో ఏడో తరగతి దాకా చదివాను కాబట్టి ఆ గదిలో పిల్లలకు అక్షరాలు, ఆదివారం వాక్యపాఠాలు చెప్పేదాన్ని. ఆయనదీ ఆ బడి చదువే. కామారెడ్డిలో బియ్యం మిల్లు దగ్గర పనిచేస్తూ లారీ తోలడం నేర్చుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం మొదలై, స్టేషను ముందర పటాలానికి మనుషులను తీసుకుంటున్నారని తెలిసి పేరు ఇచ్చి వచ్చారు. "లారీ తోలేటోళ్లు తుపాకి పట్టరు" అని నాకూ, వాళ్ల అమ్మకూ చెప్పారు. మా బిడ్డకు అప్పటికి ఆరు నెలలు. దాని తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేసి బయలుదేరారు. బొంబాయిలో ఓడ ఎక్కుతున్నానని ఒక ఉత్తరం వచ్చింది. తర్వాత అయిదు నెలలు ఏమీ లేదు.

ఒక గురువారం నేను నాగిరెడ్డిపేటలో కాన్పయిన ఒక సహోదరిని చూసి, ప్రార్థన చేసి, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చాను. ఇంటి ముందు జనం ఉన్నారు. మా అత్త జుట్టు విప్పుకొని మట్టిలో కూర్చుని ఉంది. నా బిడ్డ ఎవరి చంకలోనో ఉంది. నన్ను చూడగానే అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు.

"ఏమైంది అత్తమ్మా?"

"ఇంకేమైతది బిడ్డా, నా కొడుకు పోయిండు. మూల లేని కాయితం వచ్చింది."

మా దిక్కున చావు కబురు మోసుకొచ్చే ఉత్తరానికి ఒక మూల చింపి పంపుతారు. చదవడం రాని వాళ్లకు కూడా చేతిలోకి తీసుకోగానే తెలిసిపోవాలని. అలాంటి కాగితాన్ని గడప దాటించరు. బయటే చూసి, ముక్కలు చేసి, పారే నీళ్లలో వేస్తారు. మేము రక్షణలోకి వచ్చాక ఎన్నో వదిలేశాం. జాతరలు వదిలేశాం, తాయెత్తులు వదిలేశాం. ఇది మాత్రం వదలలేదు. ఇదొక నమ్మకమని కూడా ఎవరికీ తట్టలేదు. కాళ్లు కడుక్కుని ఇంట్లోకి రావడంలాంటి అలవాటు అది.

"ఆ కాయితం ఏదీ? ఇటియ్యి, నేను చదువుత" అన్నాను.

"యాడుంది? చింపి కాలువల ఏసిన. గసొంటిది ఇంట్ల పెట్టుకుంటరా?"

నేను కాలువ వెంట పరుగెత్తాను. పోచారం చెరువు నీళ్లు వదిలిన రోజులు, కాలువ అంచుల దాకా నిండి పారుతోంది. రెండు మళ్లు దాటాక గడ్డిలో తెల్లగా ఏదో కనిపించింది. వంగి తీస్తే కొంగ ఈక.

సాయంత్రం ముసలివాళ్లు నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. ఒకామె నా మణికట్టు పట్టుకుని గాజుల మీద వేలు వేసింది. నేను చేతులు వెనక్కి లాక్కున్నాను. మా సంఘపెద్ద మంచివాడు, తొందరపడే మనిషి కాదు.

"ఆదివారం దాక ఉండనియ్యుండ్రి. ఆరాధన అయినంక జ్ఞాపకార్థ ప్రార్థన చేద్దాం. గాజులు గీజులు అప్పుడు చూద్దాం" అన్నాడు.

అంటే నాకు రెండు రోజులు ఉన్నాయి.

ఆ సాయంత్రం ఇంటి ప్రార్థనకు మోకరించాను, నోరు తెరుచుకోలేదు. చిన్నప్పటి నుంచి ప్రార్థన తప్ప వేరే ఆధారం తెలియనిదాన్ని. ఆయనను కాపాడమని అడుగుదామంటే, చనిపోయినవాడి కోసం అలా అడగడం దేవుని చిత్తానికి ఎదురు తిరిగినట్టు అవుతుందేమో. మమ్మల్ని ఓదార్చమని అడుగుదామంటే, బతికున్న మనిషిని నా నోటితో నేనే పూడ్చిపెట్టినట్టు అవుతుందేమో. ఏది అడిగినా తప్పే అనిపించి నుదురు నేలకు ఆనించి అలాగే ఉండిపోయాను. రక్తం పూసిన అంగీని చూసి కొడుకు చనిపోయాడని ఏడ్చిన ముసలి తండ్రి వాక్యపాఠం మొన్ననే పిల్లలకు చెప్పాను. ఆ కొడుకు బతికే ఉన్నాడు కదా అని మనసుకు చెప్పుకున్నాను. కానీ వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది. అందరి కొడుకులూ అలా తిరిగి రాలేదు.

అత్త కాగితాన్ని చదివించుకోలేదు. మరి దాంట్లో ఏముందో చూసినవాడు ఎవరు? తెచ్చిన టపా మనిషి ఒక్కడే. శుక్రవారం పొద్దున్నే ఎల్లారెడ్డి టపాఖానాకు నడిచి వెళ్లాను. ఆయన మద్నూర్ దిక్కు మనిషి. మరాఠీ, ఉర్దూ చదువుతాడు, తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"నా తప్పు లేదు బాయీ. అవ్వనే లిఫాఫా ఇప్పుమన్నది. కాయితం తీసి చూస్తె మూల లేదు. చెప్పిన, కింద పెట్టిన, వచ్చిన."

"నిన్నేమీ అనను అన్నా. ఏ భాషల రాసి ఉండె?"

"మీదే. తెలుగు. పెన్సిల్ తోటి."

"మూల చేత్తో చింపినట్టుండెనా?"

ఆయన కాసేపు గాలిలో వేళ్లు ఆడించి గుర్తు చేసుకున్నాడు. "లేదు. సాఫ్‌గ ఉండె. కత్తెర పెట్టినట్టు. మా దిక్కైతె చేత్తోనే చింపుతరు."

ఇది విని నాకు ధైర్యం రాలేదు, భయం ఇంకా పెరిగింది. నిన్నటి దాకా ఏడుపు ఒక్కటే ఉండేది. ఇప్పుడు ఆశ కూడా వచ్చి చేరింది. ఆయన రాసి ఉండవచ్చు. ఆయన పోయాడని పక్కనున్న తెలుగు స్నేహితుడు రాసి ఉండవచ్చు. రెండూ పెన్సిల్ తోనే రాస్తారు.

శనివారం కామారెడ్డికి బయలుదేరాను. ఒంటరిగా పంపనని అత్త కూడా వచ్చింది. బస్సులో బిడ్డను ఒళ్లో పెట్టుకుని దారి పొడుగునా నన్ను తిట్టింది.

"సదువుకున్ననని ఎగురుతున్నవ్. నీ సదువు నా కొడుకును తెస్తదానే? సావు కబురును గూడ పరీక్ష పెట్టేదాన్ని నిన్నే చూసిన."

"తిట్టు అత్తమ్మా. ఇంటికి మాత్రం మర్లిపోదామనకు."

"నేనన్ననా మర్లిపోదామని?" అంది. కామారెడ్డి దగ్గర పడుతుంటే తిట్టడం ఆపి నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి నా చెయ్యి కన్నా చల్లగా ఉంది.

స్టేషను ముందు ఒక గదిలో పటాలం మున్షీ కూర్చుని ఉన్నాడు. కళ్లద్దాల ముసలి తురకాయన. నేను నా భర్త పేరు, నంబరు చెప్పాను. ఆయన పెద్ద పుస్తకం తీసి, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. నా జీవితంలో అంతకన్నా భయంకరమైన చప్పుడు వినలేదు. వేలు ఒక చోట ఆగింది. నేను గోడ పట్టుకున్నాను.

"ఉన్నడు. తార్ రాలే" అన్నాడు.

"తార్ అంటే?"

"టెలిగ్రాం. సిపాయి చచ్చిపోతె ఇంగ్రేజీల తార్ వస్తది బిడ్డా. ముందు నా దగ్గరికే వస్తది. పెన్సిల్ కాయితం రాదు. ఏమైంది, చెప్పు."

నేను చెప్పాను. ఆయన మా అత్త వైపు తిరిగాడు.

"అవ్వా, ఖత్ చదవకుంటనే చింపినవా?"

"మూల లేకుంటె మేమేమనుకోవాలె సాబ్?"

ఆయన కోప్పడలేదు. జేబులోంచి మడిచిన ఉత్తరం ఒకటి తీసి మా ముందు విప్పాడు. నడిమధ్యలో చిన్న కిటికీలా రంధ్రం ఉంది. "పటాలంలనే ఉన్న నా తమ్ముడు రాసిండు. ఏ ఊళ్లె ఉన్నడో పేరు పెట్టిండు. దుష్మన్‌కు తెల్వొద్దని పైన సాహెబులు కత్తిరించిండ్రు. అందరి ఖతులు చదివే పంపుతరు. నీ ఆయన ఊరి పేరు యాడ రాస్తడు?"

అప్పుడు నాకు అర్థమైంది. మా మిషను బడిలో ఉత్తరం రాయడం ఒకే తీరుగా నేర్పారు. కుడి చేతి వైపు పైమూలన ఊరి పేరు, దాని కింద తేదీ. తప్పితే బెత్తం దెబ్బ. ఆయన సముద్రం దాటి పోయినా అదే తీరులో రాశారు, ఆ మూలే కత్తెర పాలైంది. నేనూ పిల్లలకు అదే నేర్పుతున్నాను.

"అయితె నా కొడుకు బతికున్నడా సాబ్?" అంది అత్త.

"రాసిననాడు బతికున్నడు అవ్వా. ఈ పొద్దు దాక తార్ రాలే. గంతే నేను చెప్పగలను. మిగిలింది పైవానికే ఎరుక."

అత్త అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. బిడ్డను తీసుకోబోతే ఇవ్వలేదు.

ఆదివారం జ్ఞాపకార్థ ప్రార్థన జరగలేదు. సంఘపెద్ద నన్ను సాక్ష్యం చెప్పమన్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. నేను గాజుల చేతులను కొంగు కింద పెట్టుకుని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఆ రోజు కూడా నాకు సంతోషం రాలేదు. ఆ ఉత్తరం రాసిన నాటికీ ఈనాటికీ మధ్య ఎన్ని రోజులున్నాయో ఎవరికి తెలుసు? అప్పటి నుంచి యుద్ధం ముగిసేదాకా రోజూ ఆ భయంతోనే లేచాను, ఆ భయంతోనే మోకరించాను. అయితే నోరు మాత్రం మళ్లీ తెరుచుకుంది. "రాసిననాడు బతికున్నాడు ప్రభువా, ఈనాడు కూడా ఉంచు" అని అడిగేదాన్ని. ఇన్నేళ్లలో నేను చేసిన ప్రార్థనలన్నిటిలో అంత చిన్నది, అంత గట్టిది ఇంకోటి లేదు.

ఆయన యుద్ధం ముగిశాక తిరిగి వచ్చారు, నల్లబడి, ఒక చెవి సరిగా వినపడకుండా. వచ్చిన మర్నాడు అన్నం పెడుతూ మా అత్త ఆ సంగతి అంతా తానే చెప్పింది, తప్పు తన మీదే వేసుకుని. చెప్పి అడిగింది.

"గా కాయితంల ఏం రాసినవ్ కొడుకా?"

ఆయన ముద్ద చేతిలోకి తీసుకుంటూ చెప్పారు.

"యాదికి లేదవ్వా. ఏం రాస్త? నేను మంచిగున్న, మీరు మంచిగున్నరా అని రాసి ఉంట."

మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మట్టిలో కూర్చున్న నాడు కూడా ఆమె అంతగా ఏడవలేదు. "గదాన్నేనారా, గీ చేతులతోటి చింపి నీళ్లల్ల ఏసింది?" అంది.

ఆయన ముద్ద పళ్లెంలో పెట్టి, వాళ్లమ్మ వైపు వంగి, కాస్త గట్టిగా చెప్పారు. "నేను మంచిగున్న అవ్వా."

ఆమె ఇంకోసారి చెప్పమంది. ఆయన ఇంకోసారి చెప్పారు.