లీటరుకు పది పాయింటు నాలుగు

పుస్తకంలో పద్దెనిమిది అని ఉంది. తాతయ్యకు వచ్చింది పది పాయింటు నాలుగు. లీటరుకు ఏడు కిలోమీటర్ల పైచిలుకు ఎవరో మింగేస్తున్నారు. ఆ మింగేవాడెవడో తేలేదాకా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదని ఆయన నోటితో చెప్పలేదు. గ్లాసు బల్లమీద పెట్టిన చప్పుడుతో చెప్పాడు.

పుస్తకమంటే కారుతోపాటు చేతిలో పెట్టిన రంగుల పుస్తకం. అందులో నాలుగు సిలిండర్ల సెడాన్ ఒకటి సముద్రం పక్కన మలుపు తిరుగుతూ ఉంటుంది. లోపల ఒక కుటుంబం మొత్తం పళ్ళు బయటపెట్టి నవ్వుతూ ఉంటుంది. "వీళ్ళు ఎందుకు నవ్వుతున్నారో ఇన్నాళ్ళకి తెలిసింది. నన్ను చూసి," అనేవాడు తాతయ్య.

తాతయ్య ముప్పై నాలుగేళ్ళు బస్సు నడిపాడు. డిపోలో ఆయన పేరు పొదుపు మాస్టారు. ఆయన నడిపే బస్సుకు డీజిల్ పట్టే మనిషి, గొట్టం అలా పెట్టి ఇలా తీసేయాల్సి వస్తోందని నవ్వేవాడట. అందరికన్నా తక్కువ డీజిల్ తాగించినందుకు డిపోవాళ్ళు ఒక గోడ గడియారం ఇచ్చారు. అది ఏడాది తిరక్కుండా ఆగిపోయింది. అయినా హాల్లో నడిమధ్య గోడకు వేలాడుతూనే ఉంది. తీసేద్దామని అమ్మ ఒకసారి అంటే, "అది టైము చూడ్డానికి కాదే, నన్ను చూడ్డానికి," అన్నాడు.

రిటైరయ్యాక పదేళ్ళు కారు ఊసే లేదు. అమ్మమ్మ మోకాలికి ఆపరేషన్ అయ్యాకే వచ్చింది. ఆదివారం తప్ప రోజూ పొద్దున్నే వ్యాయామం చేయించే క్లినిక్కుకు వెళ్ళాలి. పోను నాలుగు కిలోమీటర్లు, రాను నాలుగు. ఆరు గంటల నలభైకల్లా తాతయ్య కింద పార్కింగులో ఇంజను ఆన్ చేసి, పాత బనీను గుడ్డతో అద్దాలు తుడుచుకుంటూ నిలబడేవాడు. ఆ హోరు వినగానే అమ్మమ్మ స్టూలు మీద కూర్చుని, ఆరిన బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టేది. ఆఖరి దుప్పటి మడత పడేసరికి కింద నుంచి హారన్ వినిపించేది. ఆదివారం ఎక్కడికీ వెళ్ళకపోయినా హోరు హోరే, మడతలు మడతలే. ఆ ఇంట్లో పనిచేసే గడియారం అదొక్కటే.

మైలేజీ చూడడంలో తాతయ్యది తనదైన పద్ధతి. పెట్రోలు బంకులో గొట్టం దానంతటది ఆగాక, "ఇంకా గాలుంది లోపల," అని కారును నడుంతో నాలుగుసార్లు ఊపేవాడు. బుడగలు పైకొచ్చాక మళ్ళీ పోయించేవాడు. వెనక వరుసలో వాళ్ళు హారన్లు కొడితే వాళ్ళ వంక చూసి ఇంకో రెండుసార్లు ఊపేవాడు. మళ్ళీ నెల తర్వాత అదే బంకులో, అదే గొట్టం దగ్గర, అదే అంచుదాకా. మధ్యలో తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తే అదీ అసలు లెక్క. మూడు నెలలు చూశాడు. పది పాయింటు నాలుగు. పది పాయింటు నాలుగు. పది పాయింటు మూడు.

అరికాలి మంట నెత్తికెక్కింది.

ముందు బంకు మీద పడ్డాడు. ఐదు లీటర్ల కొలత డబ్బా తెప్పించి, పోయించి, నురగ దిగేదాకా గొంతుక్కూర్చుని గీత వంక చూశాడు. పెట్రోలు సరిగ్గా గీత మీదే నిలబడింది. "ఇవాళ నేనొస్తానని వీళ్ళకి ముందే తెలిసుంటుంది," అన్నాడు లేస్తూ.

తర్వాత దొంగ మీద పడ్డాడు. ట్యాంకు మూతకు అడ్డంగా ఒక కాగితం ముక్క అంటించాడు.

"నాన్నా, ఆ మూత లోపల మీట లాగితేగానీ తెరుచుకోదు. దొంగ ఎలా తీస్తాడు?" అంది అమ్మ.

"ముప్పై నాలుగేళ్ళు రోడ్డు మీదున్నవాణ్ణి. దొంగలు ఎలా తీస్తారో నువ్వు నాకు చెప్పకు."

వారం రోజులైనా కాగితం చెక్కుచెదరలేదు. ఈలోపు పై అంతస్తు లెక్చరరు తన స్కూటరు పక్కన తాతయ్య వంగి పెట్రోలు వాసన చూస్తుండగా చూశాడు. అప్పటినుంచి ఆయన మెట్ల మీద ఎదురైతే పలకరించడం మానేశాడు. తాతయ్యకు దాని మీద కూడా కోపమే. "తప్పు చేయనివాడు ఎందుకు ముఖం తిప్పుకోవాలి?"

ఇక మిగిలింది కంపెనీ. పుస్తకం చంకలో పెట్టుకుని సర్వీసు సెంటరుకు వెళ్ళాడు. మేనేజరు గాజు గదిలోంచి లేచి వచ్చి, మర్యాదగా కూర్చోబెట్టాడు.

"సార్, ఆ పద్దెనిమిది ల్యాబులో వచ్చిన అంకె. బండిని రోలర్ల మీద పెట్టి, ఏసీ ఆపేసి, ట్రాఫిక్ లేకుండా..."

"మా ఇల్లు రోలర్ల మీద లేదు."

"అది నిజమే సార్. కానీ పది మరీ తక్కువ. ఒకసారి మనిద్దరం చూద్దాం, రండి."

ఇద్దరూ బైపాస్ రోడ్డు మీద నలభై కిలోమీటర్లు తిరిగొచ్చారు. మేనేజరే నడిపాడు. పదహారు వచ్చింది. మేనేజరు చేతులు కట్టుకుని, ఏం చెప్పాలా అని కాసేపు ఆలోచించాడు. చెప్పకుండా ఊరుకున్నా బాగుండేది.

"బండిలో ఏం లోపం లేదు సార్. కొంచెం... నడిపే చేతిని బట్టి కూడా ఉంటుంది."

తాతయ్య తన చేతులు రెండూ బల్ల మీద పెట్టి చూపించాడు. నలభై మందిని ఎక్కించుకుని, ఆరు సిలిండర్ల బస్సును ఘాట్ రోడ్డు మీద చుక్క చుక్క కొలిచి నడిపిన చేతులవి. "బాబూ, నువ్వు పుట్టకముందు నేను..." అని మొదలుపెట్టి, మధ్యలోనే ఆపి, పుస్తకం బల్ల మీద విసిరి వచ్చేశాడు. గుమ్మం దాకా వచ్చి, వెనక్కి వెళ్ళి పుస్తకం తీసుకుని మళ్ళీ వచ్చేశాడు.

ఆ సాయంత్రం అమ్మ అవకాశం దొరికిందనుకుంది. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి ఇంకా స్టీరింగు పట్టుకోవడం ఆమెకు మొదటినుంచీ ఇష్టం లేదు.

"ఆయన చెప్పినదాంట్లో తప్పేముంది నాన్నా? వయసన్నాక కాళ్ళూ చేతులూ కొంచెం..."

"ఆపు. తప్పు నాదని తేలితే తాళాలు నీ చేతిలో పెడతా. మళ్ళీ ఆ సీట్లో కూర్చోను. తేలాలి. వాడి బైపాస్ రోడ్డు మీద కాదు, నా రోడ్డు మీద తేలాలి."

"మాటంటే మాటేనా?"

"నేనెప్పుడైనా మాట తప్పానా?"

అమ్మమ్మ మోకాలి మీద వేడినీళ్ళ సంచి సర్దుకుంది. ఆ తాళాలు పోతే పొద్దున్నే తనని ఎవరు తీసుకెళ్తారో ఇద్దరిలో ఒక్కరైనా అడుగుతారేమోనని చూసింది. అడగలేదు.

తాతయ్య మళ్ళీ వెళ్ళి సర్వీసు సెంటరులో కుర్చీ వేసుకుని కూర్చునేసరికి, మేనేజరు తట్టుకోలేక తన దగ్గర పనిచేసే మెకానిక్ అమ్మాయిని ఇంటికి పంపాడు. ఆమె స్టీరింగు కింద అగ్గిపెట్టెంత పెట్టె ఒకటి బిగించింది. "బండి ఎప్పుడు ఆన్ అయింది, ఎంత తిరిగింది, ఎంత తాగింది, అన్నీ ఇదే చూసుకుంటుంది తాతగారూ. వారం రోజులు మీ ఇష్టమొచ్చినట్టు నడపండి."

ఆ వారం తాతయ్య పెళ్ళికొడుకును ఊరేగించినంత మెల్లగా నడిపాడు. బ్రేకు వేయాల్సి వస్తే మనసులో ఎదుటివాణ్ణి తిట్టుకుని, పైకి నవ్వాడు. ఏసీ వేయనివ్వలేదు. అమ్మమ్మ ఉక్కకు విసనకర్ర తెచ్చుకుంది.

వారం తర్వాత ఆ అమ్మాయి వచ్చి, హాల్లో ఆగిపోయిన గడియారం కింద కూర్చుని, ల్యాప్‌టాప్ తెరిచింది. తాతయ్య ఎదురుగా నిటారుగా కూర్చున్నాడు. అమ్మ తలుపుకు ఆనుకుని నిలబడింది.

"నలభై ఎనిమిది కిలోమీటర్లు. నాలుగు పాయింటు ఆరు లీటర్లు. పది పాయింటు నాలుగే వచ్చింది."

"చెప్పానా? విన్నావుటే? చెప్పానా?" తాతయ్య అమ్మ వైపు తిరిగాడు.

"ఒక్క నిమిషం తాతగారూ. మీరు నడపడం చాలా బాగుంది. మా మేనేజరు కంటే బాగుంది. బండి కదిలినప్పటి లెక్క చూస్తే పద్నాలుగున్నర దాకా వస్తోంది, అదీ ఊళ్ళో." ఆమె తెరను దగ్గరికి లాక్కుంది. "కానీ ఇక్కడేదో ఉంది. రోజూ పొద్దున్న ఆరూ నలభైకి ఇంజను ఆన్ అవుతోంది. ఆరూ యాభై ఆరు దాకా బండి అంగుళం కదల్లేదు. ఆదివారం కూడా. ఆదివారం అసలు బయటికే పోలేదు. వారంలో లీటరూ పావు పైన నిలబడే తాగేసింది. ఎవరైనా ఏసీ వేసుకుని కూర్చుంటున్నారా?"

"గాలి ఎక్కాలి కదమ్మా," అన్నాడు తాతయ్య, అదేం ప్రశ్న అన్నట్టు.

"ఏం గాలి?"

"బ్రేకులకి. పొద్దున్నే ట్యాంకుల్లో గాలి నిండి ముల్లు పైకి రాకుండా బండి ఎలా కదు..."

అక్కడ ఆగిపోయాడు.

బస్సు బ్రేకులు గాలితో పట్టుకుంటాయి. ఇంజను కాసేపు తిరిగితేగానీ గాలి నిండదు. కారుకు ఆ గాలీ లేదు, ఆ ముల్లూ లేదు. ఆ సంగతి తాతయ్యకు తెలియక కాదు. ఆయన తలకు తెలుసు. పొద్దున్న ఆరూ నలభైకి తాళం తిప్పే చేతికి ఎవరూ చెప్పలేదు. బస్సు రోజుకు రెండు వందల కిలోమీటర్లు తిరిగేది కాబట్టి ఆ కాసేపు తాగింది లెక్కలోకి వచ్చేదే కాదు. ఎనిమిది కిలోమీటర్ల కారు దగ్గర అది మూడో వంతుకు దగ్గర పడింది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక పొద్దున్న ఆలస్యమైందని కంట్రోలరు అరిస్తే, తాతయ్య ముల్లు పైకి రాకుండానే బస్సు వదిలాడు. డిపో ముందు వాలు. పెడలు తొక్కితే ఏమీ లేదు, మెత్తగా లోపలికి పోయింది. బస్సు వెళ్ళి వాచ్‌మన్ గదిని నుగ్గు చేసింది. వాచ్‌మన్ అప్పుడే మంచినీళ్ళకు లేచి వెళ్ళాడు. అతని కుర్చీ మాత్రం అప్పడంలా దొరికింది. ఆ తర్వాత ముప్పై రెండేళ్ళు ఎవరరిచినా, ఎంత ఆలస్యమైనా, తాతయ్య గాలి ఎక్కకుండా కదల్లేదు. ఆ సంగతి ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అమ్మమ్మకు మాత్రం వాచ్‌మన్ భార్య చెప్పింది.

మెకానిక్ అమ్మాయి నవ్వలేదు. అందుకు తాతయ్యకు ఇంకా మండింది. నవ్వితే తిట్టడానికైనా ఉండేది. ఆమె పెట్టె విప్పుకుని, "ముప్పై సెకన్లు ఆగితే చాలు తాతగారూ," అని చెప్పి వెళ్ళింది.

తాతయ్య లేచి, జేబులోంచి తాళాలు తీసి, అమ్మ అడక్కముందే బల్ల మీద కొట్టినట్టు పెట్టాడు.

"తీసుకో. మాటంటే మాట."

మర్నాటి నుంచి అమ్మ నడిపింది. తాతయ్య పక్క సీట్లో కూర్చుని, లేని బ్రేకును కుడికాలితో తొక్కుతూనే ఉన్నాడు. అమ్మకు ఎనిమిదింటికి ఆఫీసు. కారు తాళం తిప్పిన మరుక్షణం గేటు దాటేది. పసుపు లైటు కనబడితే ఆగాల్సింది పోయి దూకేది. రెండో రోజు స్పీడ్ బ్రేకరు మీద ఎగిరితే వెనక సీట్లో అమ్మమ్మ పెట్టిన కేక పక్క కారుకు కూడా వినిపించింది. మూడో రోజు అమ్మకు పొద్దున్నే మీటింగు పడింది. క్లినిక్ లేదు. నాలుగో రోజూ లేదు. అమ్మమ్మ కాలు మళ్ళీ బిగుసుకుంది.

ఐదో రోజు అమ్మమ్మ కర్ర పట్టుకుని, గోడ ఆనుకుంటూ వచ్చి, అమ్మ హ్యాండుబ్యాగు తెరిచి తాళాలు తీసింది. ఆ ఇంట్లో అందరి కోపమూ చప్పుడు చేసేది. అమ్మమ్మ కోపం చేయదు. అందుకే అందరూ ఆగి విన్నారు.

"ఆయన మీద మీకున్న గొడవేంటి? పదహారు నిమిషాలు ఎక్కువ ఆగారని. అంతేగా? ఆగే డ్రైవర్ని తీసేసి ఆగని డ్రైవర్ని పెట్టారు నాకు."

"అమ్మా, నాన్నే మాటిచ్చారు..."

"నీకిచ్చారు. నన్నెవరూ అడగలేదు. కాలు నాది." తాతయ్య వైపు తిరిగింది. "మీరు కూడా. రోషం కోసం తాళాలు పడేశారు. నేనెలా వెళ్తానని ఒక్క పూటైనా అనుకున్నారా?"

ముప్పై నాలుగేళ్ళు కంట్రోలర్లకు, ప్రయాణికులకు, లారీవాళ్ళకు జవాబు చెప్పిన తాతయ్య చేయి చాచి తాళాలు అందుకున్నాడు.

ఇప్పుడు పొద్దున్న ముప్పై సెకన్లే. తాతయ్య సీట్లో కూర్చుని పైకే లెక్కపెడతాడు. ఇరవై దాటాక కళ్ళు అలవాటుగా డాష్‌బోర్డు మీద ముల్లు కోసం వెతుకుతాయి. అది దొరక్క, చిరాగ్గా అద్దం సర్దుకుని, ముప్పై అనేసి కదులుతాడు. అంత తొందరగా హారన్ కొడితే అమ్మమ్మకు ఒక తువ్వాలైనా మడత పడదు. బట్టల మూట కారులోకి తెచ్చుకుని, వెనక సీట్లో మడతపెట్టుకుంటుంది.

"ఆ మూట బరువుకి ఎంత పెట్రోలు పోతుందో తెలుసా?" అంటాడు తాతయ్య అద్దంలోంచి.

"మీ కోపం బరువు కన్నా తక్కువే. రోడ్డు చూడండి."

నెల తిరిగింది. అదే బంకు, అదే గొట్టం, నడుంతో అవే నాలుగు ఊపులు. పద్నాలుగు పాయింటు నాలుగు. అమ్మ సంతోషించి, "చూశారా నాన్నా, నాలుగు పెరిగింది," అంది.

తాతయ్య అప్పటికే రంగుల పుస్తకం తెరిచి, సముద్రం పక్కన నవ్వుతున్న కుటుంబాన్ని చూస్తున్నాడు. కలం మూత పళ్ళతో పీకాడు.

"నాలుగు నాది. ఒప్పుకున్నాను. మిగతా మూడు పాయింటు ఆరు ఎవడిది?" అని, తెల్లకాగితం ముందు పెట్టుకుని, కంపెనీవారికి, అని పైన రాశాడు. కింద గీత గీశాడు. కాగితం చిరిగేంత గట్టిగా.

"నా బట్టల మూట సంగతి రాయకండి," అంది అమ్మమ్మ లోపల్నుంచి.