మేస్త్రీకి పెట్టిన బట్టలు

నేను ఐదో తరగతితో బడి మానేశాను. రాయడం అలవాటు లేదు. అయినా మా ఇంటి సంగతి ఇంకొకరు చెబితే మేస్త్రీ మంచివాడైపోతాడని నేనే రాస్తున్నాను.

మా ఆయన ఆత్మకూరులో బస్సు డ్రైవరు. ఎనభైల్లో అక్కడ ఒక మేస్త్రీ పక్కపక్కనే రెండు స్లాబు ఇళ్లు కట్టి అమ్మకానికి పెట్టాడు. అందులో ఒకటి మేం కొన్నాం.

చేరే రోజు పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. మా నాయన ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కేవాడు. ఇల్లు కట్టినవాడికి బట్టలు పెట్టకుండా లోపల కాలు పెట్టకూడదని పంచె, కండువా తెచ్చి, వీధిలో వాళ్లందరి ముందూ మేస్త్రీకి కప్పాడు. మా వైపు అది ఎప్పటినుంచో ఉన్న మర్యాద. మేస్త్రీ ఆ కండువాతోనే కూర్చుని భోంచేసి పోయాడు.

అప్పటికి నా బిడ్డకు మూడో నెల. నట్టింట్లో స్లాబుకు వేసిన కొక్కేనికి ఉయ్యాల కట్టాం. మొదటి వానకే కొక్కెం వెంబడి నీళ్లు కారి బిడ్డ మొహాన పడ్డాయి. ఇంకో వానకు సిమెంటు పెళ్ల ఊడి ఉయ్యాల పక్కనే పడింది. బిడ్డకు పడిశం పట్టి గొంతు గురగురలాడింది. డాక్టరు తడి లేని చోట పడుకోబెట్టమన్నాడు. ఆ ఇంట్లో తడి లేని చోటే లేదు. ఎదురింటామె అప్పుడు చెప్పింది, మండే ఎండల్లో స్లాబు వేసి, నీళ్ల బండి దండగని సరిగా తడపనేలేదట. మేం కొనకముందు ఆ మాట ఎవరి నోటా రాలేదు.

మేస్త్రీని పిలిస్తే ఒకసారి వచ్చి, కింద నుంచే చూసి, కొత్త స్లాబు కొన్నాళ్లు కారుతుంది, తర్వాత అదే సర్దుకుంటుందన్నాడు. ఆ తర్వాత ఎప్పుడు పిలిచినా కలిగిరిలో పనుందనేవాడు. చివరికి మా నాయన వచ్చి, వీధిలో ఒక పెద్దమనిషి అరుగు మీద పంచాయితీ పెట్టించాడు.

మేస్త్రీ తొణకలేదు.

"పని బాగలేకపోతే బట్టలెట్ట పెట్టినావు పెద్దాయనా? పదిమందిలో కప్పినావు గదా."

"అది మర్యాద అబ్బాయ్. వాన పడకముందు స్లాబు సంగతి నాకేం తెలుసు?" అన్నాడు నాయన. "నేను చెక్కిన గరిటె చీలిందని తెస్తే ఇంకోటి ఇస్తా."

"గరిటెకి రిజిస్ట్రేషన్ ఉండాదా? ఇల్లు మీ పేరున రాసిచ్చినాక వాన కూడా మీదే."

అరుగు మీద వాళ్లంతా నవ్వారు. పెద్దమనిషి కూడా నవ్వి, బట్టలు పెట్టేముందే చూసుకోవాల్సిందని మా నాయనకే చెప్పాడు. ఎండలో నిలబడి వానకు కారేది ఎట్లా చూడాలో మాత్రం చెప్పలేదు. నాయన ఆ రోజు మా ఇంట్లో అన్నం తినకుండా బస్సెక్కాడు.

కొన్నాళ్లకు మేస్త్రీ రెండో ఇంటికి బేరగాళ్లను తెచ్చాడు. వచ్చినామెను చెయ్యి పట్టుకుని మా నట్టింట్లోకి తీసుకుపోయి పైకి చూడమన్నాను. ఆమె చూసి, మొగుణ్ణి పిలుచుకుని వెళ్లిపోయింది.

మర్నాడు మేస్త్రీ మా వాకిట్లో నిలబడ్డాడు.

"నా గిరాకీ చెడగొట్టినావే అమ్మా. ఏం కావాల నీకు?"

"కారని స్లాబు" అన్నాను.

కూలీలను పంపాడు. పైకెక్కి బాగుచేస్తారనుకున్నాను. వాళ్లు నిచ్చెన నట్టింట్లో వేశారు. పగుళ్లకు కింది నుంచి సిమెంటు మెత్తి, తెల్లగా సున్నం కొట్టారు. పైన కదా పుయ్యాల్సింది అంటే, మేస్త్రీ చెప్పింది ఇంతేనన్నారు.

ఈసారి బేరగాళ్లు వచ్చినప్పుడు మేస్త్రీ మా వాకిట్లోంచి సున్నం కొట్టిన మా నట్టింటి స్లాబునే వేలెత్తి చూపించాడు. నేను చెప్పబోతే, బాగుచేయించినా ఈమె ఏడుపు ఆగదని వాళ్ల ముందే అన్నాడు. వాళ్లు అతన్నే నమ్మారు. ఇల్లు అమ్ముడుపోయింది. మేస్త్రీ మళ్లీ మా వీధికి రాలేదు.

తర్వాత వచ్చిన వానకు కొక్కెం వెంబడి సున్నం నీళ్లు కారాయి. నేను బిడ్డను దుప్పట్లో చుట్టుకుని ఉదయగిరి బస్సెక్కాను. ఆ రోజు ఆ బస్సుకు మా ఆయనే డ్రైవరు. వెనక్కి తిరిగి బిడ్డను చూసి, "వానలు తగ్గినాక రా" అన్నాడు.

బిడ్డ బడికి పోయే ఈడు వచ్చేదాకా, సొంత ఇల్లు ఉండి కూడా, ఏటా వానాకాలమంతా నేను పుట్టింట్లోనే ఉన్నాను.